హొన్నెమక్కిలో మా మేనత్త

రత్నం వదిన కంటి ఆపరేషను కోసం కొండల్లోంచి దిగివచ్చి తెనాలిలో మా ఇంట్లో పదిహేను రోజులు ఉంది. మా అన్నయ్య భార్య ఆవిడ. అన్నయ్య పోయి నాలుగేళ్ళు దాటింది. నాకు పెళ్ళయిన దగ్గర్నుంచి ఆవిడ ఇన్నాళ్ళు వరసగా నా దగ్గర ఉండటం ఇదే మొదటిసారి. ఆపరేషనైన కంటికి నల్లద్దాలు పెట్టుకుని మధ్యాహ్నం పూట ముందుగదిలో మంచం మీద వెల్లకిలా పడుకునేది. నేను వేళకి చుక్కల మందు వేసి, పక్కన కుర్చీలో కూర్చునేదాన్ని. బయట ఆటోల హారన్లు, స్టేషన్ వైపు నుంచి రైళ్ళ కూతలు, పక్కవాళ్ళ మిక్సీ చప్పుడు. మూలన పెట్టిన ఆవిడ సంచిలోంచి మాత్రం వేరే లోకం వాసన వచ్చేది. కట్టెల పొగ, తడి మన్ను, ఎండబెట్టిన పనసతొనలు, మిరియాలు. ఆ వాసన గదిలోకి పాకే కొద్దీ బయటి చప్పుళ్ళన్నీ దూరమైపోయేవి. డెబ్బై ఏళ్ళు నిండిన దాన్ని, కుర్చీలోనే కునికిపాట్లు పడుతూ, అయిదారేళ్ళ పిల్లనై ఎక్కడో మంచులో నడుస్తూ ఉండేదాన్ని.

మా ఊరు భట్టిప్రోలు. ఇంటి వెనకనుంచి కాలవ గట్టు దాకా చూసినంత మేర వరిచేలే. నేల బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి ఆకాశం చాలా పెద్దదిగా కనపడేది. మా తాతకి నలుగురు కొడుకులు. చివరివాడైన మా నాన్న వాటాకి వచ్చిన పొలం మీద ఇల్లు గడవదని అందరికీ తెలుసు. ఆ రోజుల్లో ఎవరో నాన్నతో, పడమటి కనుమల్లో కన్నడ దేశంలో ఒక లోయ ఉందనీ, వాగు నీళ్ళు ఏడాది పొడుగునా పారతాయనీ, వరి పండించడం చేతనైనవాళ్ళు లేక అది అడవిగా పడి ఉందనీ చెప్పారు. ఆ లోయ ఆసామి ఒక ముసలి పెద్దమనిషి. మొదటి ఏడు అడవి కొట్టి పంట తీసి చూపిస్తే భూమి రాసిస్తానన్నాడట. తియ్యలేకపోతే ఎలా వచ్చారో అలాగే వెళ్ళిపోవాలి. నాన్న వెళ్ళి చూసివచ్చి, అరచేతిలో పట్టుకొచ్చిన నల్లమట్టి ముద్దని నాయనమ్మకి చూపించాడు. నాయనమ్మ దాన్ని వాసన చూసి, "మన్ను మంచిదేరా. మనుషులెవరున్నారక్కడ?" అంది.

"మనమే ఉంటామమ్మా," అన్నాడు నాన్న.

అప్పటికి మా మేనత్త తాయమ్మకి ముప్ఫై నిండి ఉండవు. నాన్నకి అక్క. పద్నాలుగేళ్ళకి పెళ్ళయి, పదహారేళ్ళకి భర్త పోయి, పుట్టింటికి తిరిగివచ్చిన మనిషి. నేను కళ్ళు తెరిచేటప్పటికే ఆవిడ వెనక వసారాలో తెల్లచీరలో ఉండేది. అందరికంటే ముందు లేచి పేడకళ్ళు తీసి, పాలు పితికి, చల్ల చిలికి, ఎండు మిరపకాయలు దంచి, పచ్చడి జాడీలకి వాసెన గుడ్డలు కట్టి, అందరూ తిన్నాక ఆ వసారాలోనే గోడకి ఆనుకుని తినేది. ఇంట్లో ఎవరైనా శుభమా అని బయల్దేరుతుంటే, ఎవరూ చెప్పక ముందే లోపలికి వెళ్ళిపోయి తలుపు దగ్గరికి వేసుకునేది. ఆ తలుపు చప్పుడు మా ఇంట్లో ఎంత మామూలంటే, బండి కదిలే ముందు అది వినపడాల్సిందే అనుకునేవాళ్ళం పిల్లలం. నేను ఆవిడ ఒళ్ళోనే పెరిగాను. ఆవిడ చేతులకి ఎప్పుడూ వెన్న కాచిన వాసన ఉండేది.

కొండలకి వెళ్ళడం ఖాయమయ్యాక, "మరదలికి చిన్నపిల్లలు, వంటకి మనిషి ఉండొద్దూ," అని అత్త తనూ బయల్దేరింది. బయల్దేరే రోజు ఉదయం బండి కట్టారు. పెదనాన్నలు, చుట్టుపక్కలవాళ్ళు అరుగుల మీద నిలబడ్డారు. అలవాటు కొద్దీ అత్త లోపలికి వెళ్ళబోయింది. అందరూ బండి ఎక్కి మలుపు తిరిగాక, వెనకనుంచి వచ్చి కలుస్తుందని పెద్దవాళ్ళ లెక్క. నాన్న బండి దిగాడు. "నువ్వూ వస్తున్నావుగా అక్కా. ఎదురొచ్చేదేముంది? ముందు నువ్వే ఎక్కు," అన్నాడు. అత్త చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల వంచుకుని నడిచివచ్చి బండి ఎక్కింది. ఆరోజు లోపలి తలుపు చప్పుడు వినపడకుండానే మా ఎడ్లు కదిలాయి.

రైలు దిగి ఇంకో రైలు ఎక్కి, తర్వాత బస్సు, చివర మళ్ళీ ఎడ్లబండి. ఎన్ని రోజులు పట్టిందో నాకు గుర్తులేదు. దారిలో ఎక్కడో నేల లేవడం మొదలుపెట్టింది. అంతవరకూ నేను ఎత్తయినదంటే గడ్డివామే చూశాను. పొద్దున లేచేసరికి బండి చుట్టూ తెల్లగా ఏమీ కనపడటం లేదు. నేను భయపడి అత్త కొంగు పట్టుకుని, "ఊరేదీ?" అని అడిగాను. అత్త కూడా కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తోంది. "ఇంకా తయారు కాలేదేమోనే శకూ," అంది. కాసేపటికి ఆ తెల్లదనంలోంచి ముందు ఒక చెట్టు, తర్వాత ఎద్దు కొమ్ములు, తర్వాత ఎండ తగిలి మెరుస్తున్న వాగు ఒక్కొక్కటీ వచ్చి నిలబడ్డాయి. ఆ లోయ పేరు హొన్నెమక్కి. ఇల్లంటూ వాగు అవతల ఒకటే ఉంది, గౌరక్కది. గౌరక్క ఆ ఊరి కన్నడ మనిషి, ఒంటిగానే ఉండేది. అడ్డపంచె ఎగ్గట్టిన మగవాడిలాగా చీర పైకి బిగించి, కత్తి నడుముకి పెట్టుకుని తిరిగేది. మా నాన్న పాక వేసుకోవడానికి చోటు చూపించింది ఆవిడే.

ఎండాకాలమంతా నాన్న, ఇద్దరు కూలీలు కలిసి పొదలు నరికి, మొద్దులు తగలబెట్టి, వాగు పక్కన నేలని మళ్ళుగా చెక్కారు. మా అమ్మ రోజూ ఏడ్చేది. పలకరించే మనిషి లేడని, గోంగూర లేదని, పిల్లల కాళ్ళకి జలగలు పట్టుకుంటున్నాయని. అత్త మాత్రం ఏడవలేదు. మొదట్లో పాక దాటి వచ్చేది కాదు. తర్వాత కూలీలకి అన్నం పట్టుకెళ్ళాల్సి వచ్చింది. ఆ తర్వాత ఒకరోజు నారుమడికి నీళ్ళు సరిగ్గా ఎక్కడం లేదని నాన్న తల పట్టుకుని కూర్చుంటే, గట్టు మీద గిన్నె దించి, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని మడిలోకి దిగింది. భట్టిప్రోలులో మా ఇంటి ఆడవాళ్ళు చేలో కాలు పెట్టేవాళ్ళు కాదు. అయినా వెనక వసారాలో కూర్చున్న మనిషికి పదేళ్ళ పాటు కనపడిందల్లా ఆ చేలూ, ఆ కాలవేనట. నీళ్ళు ఎటు వంగుతాయో, ఎక్కడ ఆగుతాయో చూసి చూసి ఉంది. "ఇక్కడ పల్లంగా ఉందిరా తమ్ముడూ, కాస్త మన్ను వెయ్యి," అంది. నీళ్ళు ఎక్కాయి.

వాన మొదలైంది. కొండల్లో వాన అంటే మా వైపు వానలాగా వచ్చిపోయేది కాదు. అది వచ్చి మనతో కాపరం ఉంటుంది. బట్టలు ఆరవు, ఉప్పు నీరవుతుంది, పొయ్యి ఆరిపోతే మళ్ళీ రాజేయడానికి ఒక పూట పడుతుంది. బయటికి వెళ్ళేటప్పుడు ఆకులతో అల్లిన చిప్పలాంటిది తలమీద నుంచి నడుము దాకా తగిలించుకుని వంగి నడిచేవాళ్ళు. దూరం నుంచి చూస్తే తాబేళ్ళు నాట్లు వేస్తున్నట్టుండేది. నాట్లు పూర్తయి కూలీలు వెళ్ళిపోయిన వారానికే నాన్నకి చలిజ్వరం పట్టుకుంది. ఎన్ని దుప్పట్లు కప్పినా మంచం కదిలిపోయేలా వణికేవాడు. ఆయన తర్వాత అన్నయ్యకి వచ్చింది. కిందికి తీసుకెళ్ళకపోతే మనుషులు దక్కరని బండివాడు కూడా చెప్పాడు. అమ్మ ఒక్క గంటలో మూటలు కట్టేసింది. అత్త కట్టలేదు.

"నువ్వు సర్దుకోవేంటి వదినా?" అంది అమ్మ.

"నాటిన చేను వదిలేసి అందరం ఎట్టా వెళ్తాం? గేదె ఉంది. పంట పోతే భూమి పోతుంది," అంది అత్త.

నాన్న మంచంలోంచి, పళ్ళు టకటకలాడుతుంటే, "భూమి పోతే పోయింది. ఆడకూతురివి, ఒక్కదానివి ఈ అడవిలో ఉంటావా? అమ్మ నన్ను బతకనిస్తుందా?" అన్నాడు.

"గౌరక్క ఒక్కతే ఉండట్లేదూ?"

"ఆవిడ ఇక్కడి మనిషి."

"నేను ఎక్కడి మనిషినిరా మరి?" అంది అత్త. కోపంగా అనలేదు. నిజంగా తెలియక అడిగినట్టు అడిగింది. బండి కదిలాక నేను వెనకనుంచి చూస్తూనే ఉన్నాను. అత్త పాక ముందు వానలో నిలబడి ఉంది, పక్కన గేదె. మంచు వచ్చి ముందు గేదెని, తర్వాత ఆవిడని కప్పేసింది.

ఆ నాలుగు నెలలూ మేము భట్టిప్రోలులో ఉన్నాం. నాన్న మంచం మీద, అమ్మ కషాయాల దగ్గర. వెనక వసారా ఖాళీగా ఉండేది. నేను అక్కడికి వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చునేదాన్ని. అక్కడినుంచి చూస్తే నిజంగానే చేలూ కాలవా తప్ప ఏమీ కనపడవు. హొన్నెమక్కిలో ఏం జరుగుతోందో మాకు సరిగ్గా తెలియదు. తర్వాత ఏళ్ళ తరబడి అత్త, గౌరక్క కలిసి పొయ్యి దగ్గర చెప్పగా చెప్పగా నాకు అది నేను చూసినంత స్పష్టంగా తెలుసు. శ్రావణంలో వాగు పొంగి, మా మడుల పైన ఉన్న కట్ట మెల్లగా జారడం మొదలుపెట్టిందట. అది తెగితే చేనంతా రాళ్ళపాలు. రాళ్ళు పేర్చి ఆపుదామని గౌరక్క అంటే, రాళ్ళ సందుల్లోంచి నీరు దూరుతుందని అత్త ఒప్పుకోలేదు. ఇంటి కప్పుకని దాచిన గడ్డి అంతా దించి, మోపులు కట్టి, మోపుకొక మేకు దిగేసి, మీద బంకమన్ను తొక్కారు. ఇద్దరు ఆడవాళ్ళు, రెండు పగళ్ళు. ఒకరి భాష ఒకరికి రాదు. అత్త తెలుగులో కేకలు వేస్తే గౌరక్క కన్నడంలో తిట్టేదట. రెండోరోజు సాయంత్రం నీళ్ళు కట్టని వదిలేసి పాతదారికి మళ్ళాయి. అప్పుడు ఇద్దరూ అక్కడే బురదలో కూలబడి, దేనికో తెలియకుండా నవ్వారట. "అంత నవ్వు నేను అంతకుముందు ఎప్పుడూ నవ్వలేదే శకూ," అనేది అత్త.

దీపావళికి ముందు మేము తిరిగి వెళ్ళాం. లోయలోకి దిగుతూంటే ముందు కంకుల వాసన తగిలింది. తర్వాత చేను. మోకాళ్ళు దాటి, నడుము దాటి, ఈనిన వరి. నాన్న బండిలోంచి దూకి ఒక కంకి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. గట్టు మీదనుంచి ఎవరో మనిషి వస్తోంది. ఆకుపచ్చ గళ్ళ చీర, భుజం వెనక ముడి వేసి ఉంది. గౌరక్క అనుకున్నాను. దగ్గరికి వచ్చాక చూస్తే అత్త. తెల్లచీరలు రెండూ బురదలో చివికిపోతే గౌరక్క తన చీరలు ఇచ్చిందట. అత్త మమ్మల్ని చూసి సంతోషంగా వచ్చి, అమ్మ చూపు చీర మీద పడటం గమనించి, ఒక్కసారిగా ఆగిపోయింది. చేత్తో కొంగు లాక్కుంది. మా అమ్మ చాదస్తపు మనిషి. బండి దిగి, అత్త దగ్గరికి వెళ్ళి, ఆ ముడి సర్ది, "నీకు పచ్చరంగు బాగుంది వదినా," అంది. అత్త మళ్ళీ తెల్లచీర కట్టడం నేను చూడలేదు.

అలా హొన్నెమక్కి మా ఊరైంది. పంట చూసి ఆసామి భూమి రాసిచ్చాడు. ఆ తర్వాత కిందినుంచి ఇంకో రెండు ఇళ్ళు, ఇంకో నాలుగు ఇళ్ళు వచ్చాయి. వచ్చిన ప్రతివాళ్ళూ మొదట మా పెంకుటింటి వసారాలోనే దిగేవాళ్ళు. వాళ్ళకి జలగలు పట్టకుండా కాళ్ళకి ఏం రాసుకోవాలో, ఏ ఆకు తినాలో, కట్టెలు ఎప్పటిలోగా చేర్చుకోవాలో చెప్పేది అత్తే. నాలుగైదేళ్ళకి పురుళ్ళు కూడా పోయడం మొదలుపెట్టింది. లోయకి ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివరకి వినపడేంత గొంతు వచ్చేసింది ఆవిడకి. పొద్దున్నే నీళ్ళ కాగు కింద మంట పెడుతూ ఏదో కూనిరాగం తీసేది. సగం తెలుగు, సగం కన్నడం. నేను మెలకువ వచ్చినా కళ్ళు తెరవకుండా వింటూ పడుకునేదాన్ని. పొగ, తడిసిన గొంగళ్ళు, కాఫీ డికాషను, పక్కన ఎక్కడో పెంకుల మీద చినుకులు. ఇప్పటికీ నాకు నిద్ర పట్టకపోతే ఆ చప్పుళ్ళని ఒక్కొక్కటిగా తలచుకుంటాను. చినుకుల దాకా రాకముందే నిద్ర వస్తుంది.

పదకొండేళ్ళు రాగానే నన్ను చదువుకని రేపల్లెలో అమ్మమ్మ ఇంటికి పంపారు. మొదటి ఏడు నరకం చూశాను. నా మాట విని పిల్లలు నవ్వేవాళ్ళు. "ఏంటే, నువ్వు అడవిలో పుట్టావా?" అనేవాళ్ళు. నేను నా మాటని కడిగి కడిగి తెల్లగా చేసుకున్నాను. జడకి రిబ్బన్లు, పౌడరు, శుభ్రమైన ఓణీ. రెండో ఏటికి నేను ఎక్కడినుంచి వచ్చానో ఎవరికీ గుర్తులేకుండా చేసుకోగలిగాను. నాకూ గుర్తులేదనే అనుకున్నాను.

ఒకరోజు బడి వదిలారు. గేటు దగ్గర నలుగురు స్నేహితురాళ్ళతో నిలబడి ఉన్నాను. అప్పుడు వీధి మొత్తం తిరిగి చూసేలా, "శకూ!" అని పిలుపు వినపడింది. లోయకి ఆ చివర వినపడే గొంతు అది. ఎదురుగా అత్త. చెప్పుల్లేని కాళ్ళు, పిక్కల మీద జలగలు పట్టిన నల్లటి మచ్చలు, భుజం వెనక ముడేసిన గళ్ళచీర, మీద గొంగడి, చేతిలో మూట. నన్ను చూసిన సంతోషంతో ఆవిడ ముఖం వెలిగిపోతోంది. రెండు రైళ్ళు మారి, నన్ను చూడటానికే వచ్చింది. అమ్మమ్మ ఇంటికైనా వెళ్ళకుండా నేరుగా బడికి వచ్చింది.

"ఎవరే ఆవిడ?" అంది పక్కనున్న అమ్మాయి.

నా నోటినుంచి మాట వచ్చేసింది. "మా పొలంలో పనిచేసే మనిషిలే."

నేను మెల్లగానే అన్నాను. కానీ అత్త అప్పటికే దగ్గరికి వచ్చేసింది. ఆవిడ ముఖంలో ఏమైనా మారిందేమో నాకు తెలియదు, నేను నేల చూస్తున్నాను. ఒక్క క్షణం తర్వాత ఆవిడ గొంతు వినపడింది. అది నేను ఎప్పుడూ వినని గొంతు, చిన్నది, వినయమైనది. "అవునమ్మా. అయ్యగారు ఈ మూట అమ్మాయిగారికి ఇచ్చి రమ్మన్నారండి," అంది. మూట నా కాళ్ళ దగ్గర పెట్టింది. "బాగా చదువుకుంటున్నారాండి?" అని అడిగింది. నేను తల ఊపాను. ఆవిడ వెనక్కి తిరిగి స్టేషన్ వైపు నడిచి వెళ్ళిపోయింది. మూటలో పనస అప్పడాలు, సీసాలో తేనె, నాకోసం గౌరక్క దగ్గర నేర్చుకుని అల్లిన చిన్న గంప. అమ్మమ్మకి ఎవరో తెచ్చి ఇచ్చారని చెప్పాను. ఒక్క అప్పడం కూడా తినలేకపోయాను.

ఆ తర్వాత సెలవులకి ఎన్నోసార్లు హొన్నెమక్కి వెళ్ళాను. అత్త ఎప్పటిలాగే నా తల దువ్వింది, నాకిష్టమని మీగడ దాచింది. ఆ సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు. ఈసారి కాళ్ళు పట్టుకుని చెబుదాం అనుకునేదాన్ని ప్రతిసారీ. ఆవిడ నవ్వుతూ ఎదురొస్తే నోరు పెగిలేది కాదు. పెళ్ళయి, బాపట్లలో పంతులమ్మ ఉద్యోగంలో చేరాను. ఉత్తరాలు రాయడం కూడా తగ్గింది. ఒక వానాకాలంలో అన్నయ్య దగ్గర్నుంచి కార్డు వచ్చింది, అత్త నాలుగు రోజుల జ్వరంతో పోయిందనీ, దారులు తెగిపోయి కబురు పెట్టలేకపోయామనీ. ఆ రోజు బడిలో అయిదు పీరియడ్లు చెప్పాను. సాయంత్రం పెరట్లో బట్టలు తీస్తూ, సముద్రపు గాలికి తీగ మీద ఒక గళ్ళచీర ఎగురుతుంటే చూసి, అక్కడే కూర్చుండిపోయాను. ఎందుకు ఏడుస్తున్నావని మా ఆయన అడిగితే, "మా అత్త పోయింది," అన్నాను. అంతకుమించి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

ఈ పదిహేను రోజుల్లో పన్నెండో రోజు అనుకుంటాను, మధ్యాహ్నం మందు వేశాక రత్నం వదినకి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది కాబట్టి చెప్పగలిగానేమో. అంతా విని ఆవిడ అలాగే పడుకుని, "నాకు తెలుసు శకుంతలా," అంది.

నేను మందు సీసా కింద పెట్టాను.

"నేను సంగం జాగర్లమూడి నుంచి కాపరానికి వెళ్ళి అప్పటికి మూడు నెలలు. పెద్దావిడ రేపల్లె వెళ్ళి వచ్చింది. రోజూ నేను ఏడుస్తూ ఉండేదాన్ని, మా ఊరు పోతానని. ఆ రోజు నా పక్కన కూచుని నీ సంగతి చెప్పింది. చెప్పి, నవ్వింది."

"నవ్విందా?"

"నవ్వింది. 'శకూ నన్ను పనిమనిషి అనైనా అంది. నేనైతే మా అమ్మకి అసలు లేననే చెప్పించానే అమ్మాయ్,' అంది."

నాకు అర్థం కాలేదు. వదిన మెల్లగా, ఆగి ఆగి చెప్పింది. ఆ మొదటి వానాకాలంలో, కట్ట నిలబెట్టిన తర్వాత, నాయనమ్మ కూతుర్ని తీసుకెళ్ళడానికి ఎవరినో తోడు తెచ్చుకుని కొండకి వచ్చిందట. పైమడిలో కలుపు తీస్తున్న అత్త, తల్లి వాగు దాటడం చూసింది. చూసి, ఎదురు వెళ్ళకుండా పక్కన చెట్లలోకి వెళ్ళి కూర్చుంది. ఎవరైనా తీసుకెళ్ళడానికి వస్తే తను లేదనమని గౌరక్కకి ముందే చెప్పి ఉంచింది కాబట్టి, ఆవిడ వచ్చీరాని మాటల్లో, ఆ మనిషి ఇక్కడ లేదు, కిందికి వెళ్ళిపోయింది అంది. నాయనమ్మ మధ్యాహ్నం దాకా పాక ముందు కూర్చుంది. తర్వాత లేచి, చెట్ల వైపు తిరిగి, "తాయీ! తాయీ!" అని పిలిచిందట. ఎన్నిసార్లో పిలిచింది. అత్త నోట్లో కొంగు కుక్కుకుని పలక్కుండా కూర్చుంది. తల్లి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ తల్లీకూతుళ్ళు ఒకర్నొకరు చూసుకోలేదు.

"పలికితే వెళ్ళాల్సొచ్చేదట. వెళ్తే మళ్ళీ ఆ వసారాలోకి. 'నా ఊరు ఇదని తేల్చుకోడానికి అంత పాపం చెయ్యాల్సొచ్చింది. పిల్ల కూడా దాని ఊరేదో తేల్చుకుంటోంది. దాన్నేం అనకండి,' అంది. నీకు చెప్పొద్దంది. నువ్వుగా అడిగితే మాత్రం చెప్పమంది."

"నేను అడగనే లేదు వదినా."

"అడగలేదు," అంది వదిన. "నేనూ ఎదురు చూశాను."

అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఆ వానాకాలంలో నాయనమ్మ పదిరోజులు ఇంట్లో లేదు. చుట్టాలింటికి వెళ్ళిందన్నారు. తిరిగివచ్చిన రోజు కాళ్ళు కడుక్కుంటూ నాన్నతో అంది, "తాయిని చూసొచ్చానురా. బాగుంది. రెండ్రోజులుండి పొమ్మని బతిమాలింది, నేనే ఉండలేదు. దాన్ని అక్కడే ఉండనియ్యండి." నేను ఆ మాటని అరవై ఏళ్ళకు పైగా మామూలు మాటగా మోశాను. నాయనమ్మ పాక ముందు కూర్చున్నప్పుడు పొయ్యిలో నిప్పు ఆరి ఉండదు, చేలో కలుపు అప్పుడే తీసి ఉంటుంది, చూరు కింద తెల్లచీర ఆరుతూ ఉండి ఉంటుంది. ఆవిడకి అన్నీ తెలిసే ఉండాలి. తెలిసే, అబద్ధం చెప్పి వచ్చింది.

పదిహేను రోజులయ్యాక వదినని ఒక్కదాన్నే పంపలేదు. నేనూ వెళ్ళాను. ఈ వయసులో వానల్లో కొండలెక్కడమేంటని మా అమ్మాయి కోప్పడింది. ఇప్పుడు ఆ ప్రయాణం ఏముంది, రైల్లో నిద్రపోయి లేస్తే, మేనల్లుడు స్టేషన్‌కి కారు తెచ్చాడు. లోయలోకి తారురోడ్డు వేశారు. వరి లేదు, అంతా వక్కతోటలు. ఇళ్ళు ఇరవైకి పైనే, సగం ఇళ్ళలో పిల్లలు బెంగుళూరులో. ఎవరింట్లోనూ కట్టెల పొయ్యి లేదు, స్నానాల గదిలో మాత్రం ఉంది. కాని అక్కడి ముసలివాళ్ళు మాట్లాడుతుంటే నేను నోరు తెరుచుకుని విన్నాను. అది మా నాయనమ్మ నాటి భట్టిప్రోలు మాట. తెనాలిలో, బాపట్లలో మేమంతా ఎప్పుడో పారేసుకున్న మాటలు. రేపల్లెలో నేను కడిగేసుకున్న మాటలు. కింద కాలవలూ చేలూ అలాగే ఉండి మాట మారిపోయింది. ఇక్కడ నేల, పంట, గాలి అన్నీ మారినా మాట మారలేదు. ఏది నా ఊరో తేల్చుకున్నాననుకుని ఇన్నేళ్ళూ బతికాను. అంత తేలికేం కాదని అక్కడ కూర్చుంటే అనిపించింది.

రెండోరోజు పొద్దున ఎవరికీ చెప్పకుండా పైకి నడిచాను. ఒకప్పుడు పైమడి ఉన్నచోట ఇప్పుడు వక్కచెట్లు. దాని పైన అడవి మాత్రం అలాగే ఉంది, చిక్కగా, లోపల మంచు కదులుతూ. అక్కడ నిలబడి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "అత్తా!" అని పిలిచాను. మొదటిసారి నాకే వినపడనంత మెల్లగా. రెండోసారి గట్టిగా పిలిచాను. "అత్తా, నేను శకూని!" ఆ పిలుపు చెట్లలోకి వెళ్ళి ఎక్కడో ఆగిపోయింది. ఆకుల మీదనుంచి నీళ్ళు జారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఎవరూ పలకలేదు. పలకకుండా కూడా మనిషి అక్కడే ఉండవచ్చునని ఇప్పుడు నాకు తెలుసు.